చేరినవాళ్ళే మోగించాలి

మేడమీది గది
అక్టోబరు

గడియారాల దుకాణం యజమానికి,

పొగమంచు పట్టిన సాయంత్రాల్లో దీపం పట్టుకుని వంతెన సగం దాకా ఎదురొస్తానని నా చెల్లెలు చిట్టికి మాటిచ్చావు. మా వంటింటి గుమ్మంలో నిలబడి ఇచ్చావు. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు గాని, విన్నాను. నువ్వు రాలేదు. నీకు ఎప్పుడైనా ఉత్తరం రాయాల్సివస్తే ఈ వాక్యాలతోనే మొదలుపెట్టాలని నలభై ఏళ్ళ కిందటే అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క మాటైనా మార్చాలనిపించలేదు. గ్రంథాలయంలో బతికినవాణ్ణి, చాలామంది రచయితలకు ఆ అదృష్టం పట్టలేదని నాకు తెలుసు.

పని ఉండి రాస్తున్నాను. మన వంతెన మీద బళ్ళు ఆపేసి నడిచేవాళ్ళ కోసం ముస్తాబు చేశారట. పూలకుండీలు, బెంచీలు, ఫొటోలు దిగడానికి అరుగులు. నాన్న వంతెన అధికారిగా ఉన్నన్నాళ్ళూ మేమున్న క్వార్టర్సు ఇప్పుడు మ్యూజియం. నేను అక్షరాలు దిద్దుకున్న గదిలో టిక్కెట్లు అమ్ముతున్నారట. పాత గంటను మళ్ళీ వేలాడదీసి పక్కన ఒక బోర్డు పెడతామని, ఆ నాలుగు మాటలూ అధికారి కొడుకుగా నన్నే రాసిమ్మని మ్యూజియం అమ్మాయి అడిగింది. రాశాను. అచ్చుకి పంపేముందు నిందితుడికి చూపించడం మర్యాద కనుక కింద రాస్తున్నాను:

“పొగమంచు పట్టినప్పుడు అవతలి ఒడ్డున బయల్దేరేవాళ్ళు అక్కడి గంటను ఒకసారి కొట్టేవాళ్ళు. ఇవతలికి చేరాక తమ చేత్తో ఈ గంటను రెండుసార్లు కొట్టేవాళ్ళు. ఆ రెండు దెబ్బలూ వినపడేదాకా వంతెన అధికారి ఇక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఒక్కసారీ నియమం తప్పలేదు. తప్పినవాడు వేరే. ఒక ఏడాది నడివంతెన దగ్గర నడకదారి చెక్కలు ఊడదీసి ఉన్నాయి. అక్కడ పక్కకు తిరిగి బళ్ళ దారిలోకి దిగాలి. ఆ చోట దీపంతో నిలబడతానని మాటిచ్చిన గడియారాల మెకానిక్కు ఒకడు రాలేదు. గాజు ఫ్యాక్టరీలో పని ముగించుకుని ఇంటికొస్తున్న అమ్మాయి నదిలో పడిపోయింది.”

నీ పేరు రాయలేదు. దయతో కాదు, బోర్డు మీద చోటు తక్కువ.

ఫోను చెయ్యకు. నీ గొంతు వినే ఓపిక నాకు లేదు.

రిటైరైన గ్రంథాలయాధికారి


గడియారాల దుకాణం, వంతెన వీధి
నవంబరు మొదట్లో

బావా,

కవరు మీద నీ దస్తూరీ చూసి పోస్టుమాన్ ముందే స్టూలు మీద కూలబడ్డాను. పాపం, ఎవరో పోయారనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నీ అక్షరం ఏం మారలేదు. ‘త’కి తలకట్టు ఇప్పటికీ మేకు కొట్టినట్టే పెడుతున్నావు.

యజమాని అన్నావు. ఆగిపోయిన గడియారాల మధ్య కూర్చునేవాణ్ణి యజమాని అంటే నవ్వొచ్చింది. ఇప్పుడు జనం నా దగ్గరికొచ్చేది బ్యాటరీలు మార్పించుకోవడానికే. మీ అత్తయ్య, అదే మా అమ్మ, ఉన్నప్పుడు అనేది, నీ మేనమామ కొడుకు పుస్తకాల్లో పడ్డాడు, నువ్వు ముళ్ళల్లో పడ్డావు, ఇద్దరూ మనుషుల్లో పడలేదురా అని.

వంతెన మాత్రం చూడాల్సిందే బావా. పాత ఇనుముకి రంగు వేశారు. ఉదయంపూట మధ్యలో నిలబడితే ఎగువన కొండ నీడ నీళ్ళలో విరిగి కనిపిస్తుంది. నడకదారికి కొత్త చెక్కలు. తొక్కితే మన చిన్నప్పటి చప్పుడే. దాటగానే అవతల మెట్లు, వాటిమీద గడియారం స్తంభం. దాని లోపలి పని నాదే. అందుకే కాస్త వెనకబడి నడుస్తుంది. దాని వెనక గాజు ఫ్యాక్టరీ. ఇప్పుడందులో పని లేదు, ప్రదర్శనే. నువ్వొస్తే ఒక పూట అంతా తిరగొచ్చు. నడవలేకపోతే బెంచీలున్నాయి. నాతో మాట్లాడటం ఇష్టం లేకపోతే నేను వెనక నడుస్తాను.

బోర్డు బాగా రాశావు. నా గురించి రాసింది అలాగే ఉంచు. పేరు పెట్టినా అభ్యంతరం లేదు. ఒక్క వాక్యం తీసెయ్. “ఆయన ఒక్కసారీ నియమం తప్పలేదు” అన్నది. అంతే నేను అడిగేది.

మీ బావ


మేడమీది గది
నవంబరు

గడియారాల మెకానిక్కుకి,

నిన్ను తిట్టినదంతా ఉంచుకోవచ్చునన్నావు. మా నాన్నను మెచ్చిన ఒక్క ముక్క తీసెయ్యమన్నావు. ఇలాంటి సవరణ కోరిన మనిషిని ఇన్నేళ్ళ చదువులో ఎక్కడా చూడలేదు. తప్పు చేసినవాడు తన మచ్చ చెరుపుకోలేక పక్కవాడి చొక్కాకి సిరా పూయడం గురించి మాత్రం చాలా పుస్తకాలున్నాయి. కావాలంటే జాబితా పంపుతాను.

ఆయన్ని నువ్వెరుగుదువా? చెల్లెలు పోయాక ఆయన ఉద్యోగం మానేశాడు. నాతో పాటు ఈ ఊరొచ్చి ఈ మేడమీద, ఇదే కిటికీ పక్కన మంచమేసుకుని పదకొండేళ్ళు బతికాడు. స్నానం నేనే చేయించాను. గోళ్ళు నేనే తీశాను. నీ గురించి ఒక్కసారి మాట్లాడాడు, అదీ నేను అడిగితే. ఆ సాయంత్రం నేను పరీక్షకని వేరే ఊళ్ళో ఉన్నాను కదా, తిరిగొచ్చి ఏం జరిగిందని అడిగాను. “వాడు దీపంతో అక్కడ లేడు” అన్నాడు. ఆ తర్వాత నీ ఊసెత్తలేదు. శత్రువు మీద కూడా రెండో మాట అనని మనిషి ఆయన.

చివరి రోజుల్లో మతి జారింది. గడియారం ఎక్కడో పోగొట్టుకున్నాడు. ఖాళీ మణికట్టు చూసుకుని టైమెంతయింది అనేవాడు. కిటికీ బయట కాస్త మంచు కనిపిస్తే చాలు, “చేరిందా?” అని అడిగేవాడు. ఏ పార్సిలో, ఏ ఉత్తరమో అనుకుని, చేరింది నాన్నా, పడుకోండి అనేవాణ్ణి. ఆ మాట వింటే పడుకునేవాడు. చిన్నపిల్లాడిలా.

అలాంటి మనిషి నియమం తప్పాడని నీ నోట వినాలా? ఎందుకు తీసెయ్యాలో కారణం రాయి. లేదా నోరు మూసుకో.


గడియారాల దుకాణం
నవంబరు చివర

బావా,

కారణం రాయను. కోప్పడకు. బోర్డే వద్దనెయ్, పోనీ. ఉత్తగంట ఉంటే ఏం పోయింది? చూసేవాళ్ళు ఎటూ గంట పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్ళిపోతున్నారు. బోర్డు చదివేది నీలాంటివాళ్ళొకరిద్దరు.

ఈ వారం మంచు మొదలైంది. నిన్న సాయంత్రం వంతెన మీదకి వెళ్ళాను. జనం లేరు. ఐస్‌క్రీం బండివాడు కూడా దుప్పటి కప్పుకుని వెళ్ళిపోయాడు. నడివంతెన దగ్గర నిలబడ్డాను. నీకొకటి చెప్పాలి, నవ్వకు. అవతలి ఒడ్డు నుంచి గంట ఒక్కసారి మోగింది.

నవ్వుతావని తెలుసు. అవతలి గంటను ఎప్పుడో కరిగించేశారు. ఆ స్తంభం చుట్టూ ఇప్పుడు పూలకుండీ ఉంది. నాకూ తెలుసు. అయినా ఒక్క దెబ్బ. ఆ తర్వాత చెక్కల మీద నడక. తొందర లేని నడక, రోజంతా కూర్చుని రంగులు దిద్దిన మనిషి కాళ్ళు సాగదీసుకుంటూ నడిచినట్టు. దగ్గరికొస్తున్నట్టే ఉంటుంది. వచ్చేది లేదు. మంచు విడిపోయేదాకా నిలబడి వచ్చేశాను.

ఇవాళ గాజు ఫ్యాక్టరీకి వెళ్ళాను. అద్దాల బీరువాలో దీపం చిమ్నీలు పెట్టారు. వాటిలో ఒకదాని మీద పచ్చతీగ, తీగ చివర ఒకే మొగ్గ. మన చిట్టి మిగతావాళ్ళలాగా పువ్వు వేసేది కాదు, గుర్తుందా? పువ్వు వేస్తే రేపటికి ఏముంటుంది అనేది. కింద చీటీ పెట్టారు, పేరు తెలియని కళాకారిణి అని. ఆ పేరు నాకు తెలుసునని అక్కడి కాపలావాడికి చెబుదామనుకున్నాను. గొంతు పెగల్లేదు.

ఒక్కసారి రా బావా. బోర్డు సంగతి తర్వాత.

మీ బావ


మేడమీది గది
డిసెంబరు మొదట్లో

నీళ్ళ మీద చప్పుడు చాలా దూరం ప్రయాణిస్తుంది. మంచులో ఇంకా ఎక్కువ. దిగువ ఊళ్ళో ఏ బడి గంటో కొట్టి ఉంటారు. చెక్కలు చలికి ముడుచుకుంటే అడుగుల్లాగే చప్పుడు చేస్తాయి. ఈ రెండూ తెలియాలంటే పెద్ద చదువు అక్కర్లేదు. తెలిసిన మనిషికి వినిపించేవి గంటా అడుగులూ కావు, చేసిన పని. దయ్యం కథలు చెప్పి నా చేత కన్నీళ్ళు పెట్టించాలనుకోకు. చెల్లెలి తీగ గురించి నువ్వు నాకు చెప్పనక్కర్లేదు. ఆ తీగ మొదట నా పుస్తకాల అట్టల మీద పాకింది.

ఈ నెల మధ్యలో బోర్డు అచ్చుకి వెళ్తుంది. చోటు పెంచుతామన్నారు. నీ పేరు, మీ నాన్న పేరు, దుకాణం గుర్తు, అన్నీ పడతాయి.


గడియారాల దుకాణం
డిసెంబరు

బావా,

నా పేరు వెయ్యి. దానికోసం కాదు ఇది రాయడం. ఆ పక్కనే మామయ్య నియమం తప్పలేదని చెక్కితే, రోజూ దాని ముందునుంచి నడవడం నా వల్ల కాదు. అంతకంటే కారణం లేదు.

ఆ సాయంత్రం నేను వెళ్ళాను.

అవతలి గంట ఒక్కసారి మోగగానే దుకాణం తలుపు దగ్గరికి లాగి, దీపం వెలిగించుకుని బయల్దేరాను. చిట్టి తీగ వేసిచ్చిన చిమ్నీ. నడివంతెన ఇంకా రాలేదు, ఫ్యాక్టరీ వ్యాను ఒకటి నన్ను దాటి మన ఒడ్డుకి వెళ్ళింది. కాసేపటికి నా వెనక మన గంట రెండుసార్లు మోగింది. చిట్టి వ్యానెక్కి నా పక్కనుంచే వెళ్ళిపోయిందనుకున్నాను. నన్ను ఏడిపించడానికి అలాంటివి చేసేదే. నవ్వుకుంటూ వెనక్కి తిరిగాను.

గంట దగ్గర చిట్టి లేదు. తాడు పట్టుకుని మామయ్య ఉన్నాడు.

“చిట్టి రాలేదా మామయ్యా?” అన్నాను.

“దానికి దారి తెలుసు” అన్నాడు. “పెళ్ళి కావాల్సిన పిల్లకి దీపం పట్టుకుని నడివంతెన మీదకి ఎదురెళ్తావా? ఊరికి కళ్ళు లేవనుకున్నావా? పిలిస్తే రావుగా నువ్వు. గంట కొడితే వచ్చావు.”

“చెక్కలు లేవు మామయ్యా అక్కడ.”

“వంతెన సంగతి నాకు చెప్తున్నావా? ఆ దీపం ఇలా ఇచ్చి ఇంటికి పో. దాన్ని నేను తీసుకొస్తాను.”

ఇచ్చాను. వెళ్ళాను. మామయ్య మాటకి ఎదురు చెప్పడం మన ఇళ్ళలో ఎవరికీ చేతకాని పని, నీకు తెలుసు. ఆయన దీపం పట్టుకుని వెళ్ళాడు. ఆయన వెళ్ళేసరికి అక్కడ ఎవరూ లేరు.

“వాడు దీపంతో అక్కడ లేడు” అని నీతో అన్నాడన్నావు. అది అబద్ధం కాదు చూడు. నేను లేను కదా.

మీరు ఊరు వదిలి వెళ్ళే ముందు ఒకసారి దుకాణానికి వచ్చాడు. నా ఎదుట నిలబడి, చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టాడు. బానే నడుస్తోంది మామయ్యా అన్నాను. దాన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఎవరికీ చెప్పొద్దని ఆయన నన్ను అడగలేదు. అడిగి ఉంటే కోపం వచ్చి చెప్పేసేవాణ్ణేమో. ఆ గడియారం పెట్టి వెళ్ళాక నా వల్ల కాలేదు. నీకు మిగిలింది తండ్రొక్కడే కదా అనుకున్నాను. నాకు మోయడం అలవాటైంది.

మీ బావ


మేడమీది గది
డిసెంబరు

అబద్ధం.

జవాబు చెప్పగలిగినవాళ్ళు ఇద్దరూ పోయేదాకా ఆగి, తీరిగ్గా కథ అల్లావు. కథ బాగానే ఉంది. వ్యాను పెట్టడం తెలివైన పని. పాఠకుడు అడగబోయే ప్రశ్నకి ముందే సమాధానం.

ఆ గడియారం అంటూ ఉంటే పంపు.


గడియారాల దుకాణం
డిసెంబరు

బావా,

పార్సిల్లో దూది ఎక్కువ పెట్టాను, జాగ్రత్తగా విప్పు. రోజూ కీ ఇస్తూనే ఉన్నాను. ఒక్కనాడూ ఆగలేదు.


అవతలి ఒడ్డు, గాజు ఫ్యాక్టరీ పక్క లాడ్జి
డిసెంబరు చివర

బావా,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. మ్యూజియం అమ్మాయి ఇంటికెళ్తూ నీ దుకాణంలో ఇస్తానంది. ఇక్కడికొచ్చి రెండు రోజులైంది. నీ ఒడ్డున దిగకుండా చుట్టూ తిరిగే బస్సులో వచ్చాను. నీ మొహం చూడకుండా ఊరు చూడాలనుకున్నాను.

అన్నీ చూశాను. నీ గడియారం స్తంభం వెనకబడి నడవడం కాదు, ఆలోచించుకుంటూ నడుస్తోంది. మెట్ల మీద నుంచి వంతెన అందంగానే ఉంది, ఒప్పుకుంటాను. పెళ్ళిబట్టల్లో ఒక జంట ఫొటోలు దిగుతోంది. అమ్మాయి కమ్మీకి ఆనుకుని వెనక్కి వాలుతుంటే కేకేసి ముందుకి జరగమన్నాను. ముసలాడికి మతి లేదనుకున్నారు. తర్వాత గాజు ఫ్యాక్టరీకి వెళ్ళాను. తీగ చూశాను. కాపలావాడితో పేరు చెప్పి రాయించాను. నీ గొంతు పెగలని చోట నాది ఎప్పుడూ పెగులుతుంది, దాని గురించే కదా చిన్నప్పుడు తన్నులు తినేవాణ్ణి.

అక్కడి టిక్కెట్ల దగ్గర ఫొటోకార్డులు అమ్ముతున్నారు. వంతెన, కొండ, స్తంభం. ఆఖరి కార్డు మీద మంచులో దీపం పట్టుకుని నిలబడ్డ ముసలివాడు. ఎవరని అడిగితే, బోర్డు కోసం నన్ను కలవడానికొచ్చిన మ్యూజియం అమ్మాయి ఆశ్చర్యపోయింది. దీపం తాత అండీ, మంచు పడిన ప్రతి సాయంత్రం నడివంతెన దగ్గర నిలబడతాడు, మా అమ్మ చిన్నప్పట్నుంచీ చూస్తోంది, ఆయన్ని చూడ్డానికి దూరం నుంచి వస్తారండీ అంది. నువ్వూ ఈ ఊళ్ళో చూడదగ్గ వస్తువుల్లో చేరిపోయావన్నమాట. నిన్న సాయంత్రం వెళ్ళాను అని రాశావే గాని, ప్రతిసారీ వెళ్తానని రాయలేదు. నీకు దాచడం ఒక వ్యసనం.

పార్సిలు విప్పిన రోజు సంగతి రాయాలి. అది నాన్నదే. వెనక మూత మీద గీతతో సహా. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ తర్వాత ఆయన్ని నిందించడానికి కూర్చున్నాను. నాకు బాగా వచ్చిన విద్య కదా. వాక్యం మొదలుపెడతాను, నేను గోళ్ళు తీసిన వేళ్ళు గుర్తొస్తాయి. ఆగిపోతుంది. తాడు లాగిన చెయ్యీ అదే. తెలుసు. అయినా రాలేదు.

వచ్చింది మరొకటి. “చేరిందా?” అని ఆయన అడిగేవాడని రాశాను కదా. పార్సిలు కాదు బావా, ఉత్తరం కాదు. మంచు చూసినప్పుడల్లా ఆ మనిషి కూతురు చేరిందా అని అడిగాడు. నేను పుస్తకంలోంచి తలెత్తకుండా చేరింది, పడుకోండి అన్నాను. ఆయన ఒక్కసారి కొట్టిన దొంగగంటను ఏళ్ళ తరబడి నా చేత కొట్టించుకుని, అది విని నిద్రపోయాడు. నాకు తెలిసుంటే ఆ జవాబు ఇచ్చేవాణ్ణి కాదు. పక్కన కూర్చునేవాణ్ణి. ఇద్దరం కలిసి, చేరలేదు అనుకునేవాళ్ళం. ఆ ఒక్క మాట అనుకోవడానికి ఇంట్లో ఇద్దరం మనుషులం ఉండి కూడా అనుకోలేదు. తెలిసిన మూడోవాడు నది పక్కన కూర్చుని గడియారానికి కీ ఇస్తున్నాడు.

నన్ను కాపాడానని అనుకున్నావు. ఎవరు అడిగారు?

అచ్చు ఆపించి బోర్డు మార్చాను. పాతదంతా కొట్టేశాను. నాన్నా లేడు, నువ్వూ లేవు. అమ్మాయికి ఇచ్చింది ఇంతే: “ఈ గంటను చేరినవాళ్ళే మోగించాలి.” మరీ చిన్నదిగా ఉందండీ అంది. సరిపోతుందన్నాను.

నిన్న సాయంత్రం మంచు దిగింది. కిటికీ తెరిచి కూర్చున్నాను. చప్పుడు ఎంత దూరం ప్రయాణిస్తుందో, చెక్కలు ఎలా ముడుచుకుంటాయో నీకు పాఠం చెప్పినవాణ్ణి. ఈ గది కిందే ఉంది ఆ పూలకుండీ. అందులోంచి మోగింది. ఒక్కసారి. కిందకి వెళ్ళి చూశాను. తడి మట్టి, వాడిన మొక్కలు. వంతెన వైపు చూస్తే సగం దూరంలో పచ్చటి వెలుగొకటి మంచులో కదలకుండా ఉంది. అది నువ్వని నాకు తెలుసు. చెక్కల మీద ఎవరో దానివైపు నడుస్తున్నారు. అది ఎవరో కూడా తెలుసు. రెండు దెబ్బల కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. వినపడలేదు.

రేపు సాయంత్రం నేను ఇటునుంచి నడుస్తాను. మోకాళ్ళు బాగాలేవు, ఆలస్యమవుతుంది. నువ్వు అటునుంచి దీపం పట్టుకుని సగం దాకా రా. నీ వెనక ఏ గంట మోగినా, ఎవరు మోగించినా, వెనక్కి తిరగకు. నేను దగ్గరికొచ్చాక ముగ్గురం మన ఒడ్డుకి నడుద్దాం. చేరాక గంట ఎవరు కొట్టాలో అప్పుడు చూద్దాం.

వస్తున్నానంటే క్షమించానని కాదు. నింద మోయడానికి బతికున్న మనిషి కావాలి. మట్టిలో ఉన్నవాళ్ళ మీద పెడితే అది నిలవదు, జారి మళ్ళీ నా మీదే పడుతోంది. అందుకని ఇప్పటికీ నేను తప్పుపట్టేది ఒక్కణ్ణే. దీపం ఇచ్చేసినందుకు కాదు, నోరు మూసుకున్నందుకు.

నిన్నే, బావా.